బర్మాదేశమున పాదరక్షల వివాదము

రంగూను నగరమందలి ష్వేడగోన్ స్వర్ణచైత్యమునకు పోవు బర్మీయుడు, పూలు, కొవ్వొత్తులు, అగరువత్తులు అమ్ము అంగళ్లు ఇరుప్రక్కల బారులు తీరిన మెట్లవరుస మొదటనే చెప్పులు విడిచి, మధ్యాహ్నపుటెండకు కాగిన చలువరాళ్లపై అరికాళ్లు చురుక్కుమనుచున్నను తొట్రుపడక ప్రదక్షిణము చేయును. పొట్టపోసికొనుటకు కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి రంగము (రంగూను) చేరిన మన తీరాంధ్రకూలీలకు ఈ యాచారమును ఎవరును నేర్పవలసిన పని లేకపోయెను.

ఆంగ్లేయునకు మాత్రము అది అవమానముగ దోచెను. తన ప్రార్థనాలయమున టోపీ తీయుట భక్తియని యెరిగినవాడే, పరుల పుణ్యస్థలమున బూట్లు విప్పుట దాస్యమని తలపోసెను. 1875లో మాండలే నగరమునకు రాయబారిగ వెళ్లిన సర్ డగ్లస్ ఫోర్సైత్, కొలువుమర్యాద ననుసరించి బూట్లు విప్పి నేలపై కూర్చుండి మిండాన్ రాజును దర్శించి, తిరిగివచ్చి ఆ మర్యాదపై మొరపెట్టుకొనగా, ఇకమీదట మాండలే కొలువులోని తన ప్రతినిధియగు రెసిడెంటు బూట్లు విప్పరాదని బ్రిటిషు భారతప్రభుత్వము ఆజ్ఞాపించెను. సవతి సోదరుని యేలుబడిలో ఆంగ్లేయులతో జరిగిన 1852 నాటి యుద్ధమున దిగువబర్మాలో మిగిలినదంతయు చేజారుట చూచిన మిండాన్, ఈ యొక్క విషయమున మెట్టు దిగలేదు. నాటినుండి రెసిడెంటునకు రాజదర్శనమే లేకపోయెను. బర్మారాజ్యమును అంతమొందించిన 1885 నాటి యుద్ధమునకు టేకు వ్యాపారపు తగవు, ఫ్రెంచివారివలని శంక మొదలగు హేతువులు వేరుగ నున్నవి. కాని ముఖాముఖి మాటాడుకొను దారి యొకటి అంతకు పదేండ్ల ముందే బూట్లకొరకై మూసికొనిపోయెననుట నిక్కము. అతిథి తన గౌరవమునకు కొలబద్దను తన యింటినుండియే మోసికొనివచ్చినచో ఆతిథేయుడు చేయగలిగిన దేమున్నది?

రాజ్యము పోయినపిమ్మట వివాదము చైత్యముల మెట్లకు చేరెను. భారతీయులు, బర్మీయులు వట్టికాళ్లతో నెక్కు మెట్లనే దొరలు బూట్లతో నెక్కుచుండిరి. 1916లో ప్రోము పట్టణపు న్యాయవాది ఊ తెయిన్ మౌంగ్ ప్రోద్బలమున యువజన బౌద్ధసంఘము దీనిని నిషేధింపవలెనని తీర్మానించెను. మహాపండితుడగు లేడీ సయడా, చైత్యాంగణమున పాదరక్షలు ధరించుట అనుచితమని గ్రంథమే రచించెను. 1919లో మాండలేలోని ఐందోయా చైత్యమున బూట్లతో ప్రవేశించిన ఐరోపీయులను భిక్షువులు వెడలగొట్టగా ఘర్షణ జరిగి, ఊ కెట్టయ యను భిక్షువునకు యావజ్జీవశిక్ష పడెను. తుదకు ప్రభుత్వము ఏ చైత్యమున ఏ మర్యాద పాటింపవలెనో నిర్ణయించు అధికారమును ఆయా చైత్యాధిపతులకే విడిచెను. పెక్కుమంది దొరలు బూట్లు విప్పుటకన్న ష్వేడగోన్‌కు పోవుట మానుటయే మేలని తలచిరి.