మెదడులో బద్దెపురుగు వ్యాధి - ప్రయోగశాల నమూనాలు

పంది బద్దెపురుగు టీనియా సోలియం పిల్లదశ మెదడులో తిత్తులుగా స్థిరపడడమే న్యూరోసిస్టిసర్కోసిస్. మలకలుషితమైన నీరు, ఆహారం ద్వారా గుడ్లు కడుపులో చేరితే పందిమాంసం ముట్టనివారికి సైతం ఇది సోకుతుంది. వ్యాధి ప్రబలిన ప్రాంతాలలో మూర్ఛ కేసులలో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మందులకు పురుగు చనిపోయేటప్పుడు చుట్టూ ఏర్పడే వాపే ఒక్కొక్కప్పుడు మూర్ఛను రేపుతుంది. ఈ వాపును రోగి మెదడులో దశలవారీగా పరీక్షించడం అసాధ్యం గనుక జంతు నమూనాలు అవసరమయ్యాయి. సహజ ఆతిథేయి అయిన పంది ఉత్తమమే గాని, పోషణ వ్యయభరితం. చిట్టెలుకలలో మెసోసెస్టాయిడిస్ కోర్టి, టీనియా క్రాసిసెప్స్ వాడుతున్నారు. అయితే ఇవి వేరు పురుగులు. 2015లో పెరూ పరిశోధకులు టీనియా సోలియం పిండాలనే ఎలుకల మెదడులో ప్రవేశపెట్టి తిత్తులు పెంచగా, కొన్నింటికి మూర్ఛ కూడా వచ్చింది.