ఉంగరం ఆపిన బరువు

బలమంటే ద్రవ్యరాశిని త్వరణంతో హెచ్చవేస్తే వచ్చేదన్న ముక్కను బడిపిల్లలు ఒక్క పూటలో వల్లెవేస్తారు. దాన్ని కంటికి చూపించడానికి మాత్రం న్యూటన్ తరవాత దాదాపు నూరేళ్లు పట్టింది. 1687 నాటి ఆయన గ్రంథం ప్రిన్సిపియాలో ఈ సూత్రం ఇప్పటి రూపంలో లేదు. 1750లో గణితవేత్త ఆయిలర్ బెర్లిన్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో ఆ రూపానికి దగ్గరపడింది, కానీ కాగితం మీదే. వాలు పలక మీద గెలీలియో ముందే పతనాన్ని నెమ్మది చేశాడు కదా అనవచ్చు. చేశాడు, నిజమే. అయితే పలక మీద గుండును మార్చి రెండింతల బరువున్నది పెట్టినా త్వరణం మారదు. లాగే బలమూ కదలాల్సిన ద్రవ్యరాశీ కలిసే పెరుగుతాయి కాబట్టి ద్రవ్యరాశి మెల్లగా లెక్కలోంచి జారుకుంటుంది. పాఠానికి కావలసింది ఆ రెంటినీ విడదీసే ఉపాయం.

అది దొరికింది కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జార్జ్ అట్‌వుడ్‌కు. 1784లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ ఉపాయంతో పనిచేసే యంత్రం వర్ణన ఉంది. గిలక మీదుగా సన్నని పట్టుదారం, రెండు కొసలా సమానమైన బరువులు, పక్కన సెకన్లు కొట్టే లోలకం, నిలువునా కొలబద్ద. మన కొలతల్లో చెప్పాలంటే, చెరో 490 గ్రాములు కట్టి, ఒకవైపు 20 గ్రాముల కడ్డీ పెట్టామనుకుందాం. లాగేది 20 గ్రాముల బరువే, కదలాల్సింది మొత్తం కిలో. అందుకే త్వరణం మామూలు పతనంలో యాభయ్యో వంతు: మొదటి సెకనులో 4.9 మీటర్లకు బదులు 9.8 సెంటీమీటర్లు. కడ్డీని అలాగే ఉంచి బరువుల్ని చెరో 240కి తగ్గిస్తే త్వరణం సరిగ్గా రెట్టింపు. ఇంతకన్నా గడుసుదనం ఉంగరంలో ఉంది. దిగే బరువు దారిలోని ఉంగరంలోంచి దూరిపోతుంది, పొడుగాటి కడ్డీ అక్కడే చిక్కుకుంటుంది. లాగే బలం పోయింది, అయినా బరువులు ఆగవు, అదే వేగంతో సాగుతాయి. తోస్తేనే వస్తువు కదులుతుంది, తొయ్యడం మానితే ఆగుతుంది అన్న పాత నమ్మకానికి అంతకన్నా సూటి జవాబు లేదు.

గిలక తిరగడానికి కొంత బలం ఖర్చవుతుందిగా అన్నది సరైన అభ్యంతరమే. అట్‌వుడ్ గిలక ఇరుసును చిన్న చక్రాల అంచుల మీద ఆనించి ఘర్షణను తగ్గించాడు. చక్రాలు తిరగడానికి పట్టే జడత్వాన్ని అదనపు ద్రవ్యరాశిగా లెక్కలో కలిపాడు. అంటే, రుజువు చేయాల్సిన నియమాన్నే ముందుగా వాడుకున్నాడన్నమాట. పరిశోధకుడికైతే అది తప్పే. పాఠం చెప్పేవాడికి కాదు: నియమం అప్పటికే స్థిరపడింది, ఇక్కడి పని దాన్ని చూపించడం. తెలుగు పాఠ్యపుస్తకాల్లోకీ అట్‌వుడ్ యంత్రం వచ్చింది, ఒక లెక్కగా. అందులో కప్పీకి బరువుండదు, ఘర్షణ ఉండదు, లోలకం చప్పుడు వినబడదు. ఉంగరమైతే బొమ్మలోనే లేదు.