రహీం సాబ్ పెట్టిన వింత నియమాలు

డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఫుట్‌బాల్ పోటీ పెడితే ఆటగాడికి మిగిలే దారి ఒక్కటే: బంతి కాలికి తగలకముందే తల ఎత్తి, దాన్ని ఎవరికి అందించాలో చూసుకోవడం. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి 1943 నుంచి కార్యదర్శిగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఇలాంటి పోటీలే నడిపించారు. ఒక టోర్నమెంటులో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇంకొకటి పొట్టివాళ్లకే ప్రత్యేకం. నియమం మారితే ఆటగాడి అలవాటూ మారక తప్పదు. ఉపన్యాసంతో కాని పని షరతుతో అవుతుందని బడిపంతులుగా పనిచేసిన రహీంకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతిలో అసలు సుగుణం వేరే ఉంది. కోన్ల మధ్య బంతిని తిప్పుకుంటూ పోయే ఆటగాడికి ప్రత్యర్థి ఉండడు, నిర్ణయం తీసుకునే అవసరమూ రాదు. షరతు పెట్టిన ఆటలో మాత్రం బంతి లేనివాళ్లు కూడా ఖాళీ వెతుక్కుంటూ పరుగెత్తాల్సిందే. చిన్న మైదానంలో నలుగురేసి ఆడించి, ఒక్కొక్కరికి రెండు టచ్‌లే ఇచ్చే నేటి అభ్యాసాల వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది.

అభ్యాసానికీ అసలు పోటీకీ పొంతన లేకపోతే ఏమవుతుందో 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో తేలిపోయింది. భారత జట్టుకూ రహీమే శిక్షకుడు. స్వదేశంలో 70 నిమిషాల ఆటకు అలవాటుపడ్డ ఆటగాళ్లు అక్కడ 90 నిమిషాలు ఆడాలి. చాలామంది కాళ్లకు బూట్లు కూడా లేవు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ పరాభవం తర్వాతే మనదేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి ఆడించే హంగేరీ ఎత్తుగడను రహీం ఆకళింపు చేసుకుని తన జట్టుకు నేర్పారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి దక్కింది నాలుగో స్థానం.

ఆటగాణ్ని ఒకే స్థానానికి కట్టిపడేయకపోవడం ఎంత అక్కరకొస్తుందో 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో కనిపించింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ అతనిదే, మరొకటి పి.కె. బెనర్జీది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు శిక్షకుల్లో ఒకరు రహీం శిష్యుడు పి.కె. బెనర్జీ.