ఆటలోని కమ్రాలు, గోడ మీది హర్ఫులు

తారీఖ్ అనగానే మనకు ఖిలాలు, మస్జిదులు, గుంబజులు గుర్తొస్తాయి. కంప్యూటర్ ఆటల్లోని కమ్రాలకు కూడా ముప్పై ఏళ్లు దాటిన తారీఖ్ ఉంది. మన పిల్లలు రోజూ తిరిగేది ఆ కమ్రాల్లోనే. వాటిని ఎవరు కడతారో, గోడలకు ఏం అంటిస్తారో అమ్మీ అబ్బాలకు తెలిసుండాలని నా ఖయాల్.

1992లో వచ్చిన వోల్ఫెన్‌స్టైన్ 3డిలో కట్టడం సాదాసీదా. గళ్ల కాగితం అనుకోండి. గడి నింపితే గోడ, వదిలేస్తే ఖాళీ జాగా. గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ 90 డిగ్రీలు. 1993 డిసెంబర్‌లో డూమ్ వచ్చాక మేస్త్రీకి ఆజాదీ దొరికింది. పైనుంచి చూస్తున్నట్టు నఖ్షా గీసి, ప్రతి జాగాకూ నేల ఎత్తు, కప్పు ఎత్తు, వెలుతురు ఎంతో అంకెల్లో చెప్పాలి. గోడ ఎటైనా తిరగొచ్చు. కానీ ఒక కమ్రా మీద ఇంకో కమ్రా కుదరదు. 1996లో క్వేక్ ఆ బందిష్ కూడా తీసేసింది. నేల, కప్పు, నాలుగు గోడలు కలిపి ఆరు గట్టి దిమ్మెలు పేరిస్తే కమ్రా తయార్. మేడ మీద మేడ లేపొచ్చు.

డూమ్ ప్రోగ్రామ్ రాసిన జాన్ కార్మాక్ నఖ్షాలనూ బొమ్మలనూ వేరే ఫైలులో ఉంచాడు. ఆడేవాళ్లే కొత్త కమ్రాలు కట్టుకోవాలన్నది నీయత్. 1994లోనే ఆడేవాళ్లు సొంతంగా ఎడిటర్ తయారు చేసుకున్నారు. అలా కట్టే హునర్ కంపెనీల తలుపు దాటి మామూలు కుర్రాళ్ల చేతికొచ్చింది.

గోడ లేపితే సరిపోదు, దానికి తస్వీర్ అంటించాలి. దీన్నే టెక్స్చర్ అంటారు. వోల్ఫెన్‌స్టైన్‌లో అది 64 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. అంత చిన్న ముక్కనే పక్కపక్కన పరుస్తూ పోవాలి, అంచులు కలవకపోతే అతుకు బయటపడుతుంది. హైదరాబాద్ బాద్‌షాహీ అషూర్‌ఖానా గోడల మీది రంగు పలకలు చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. అవే నాలుగు గోడలకు ఇనుప రేకు అంటిస్తే కార్ఖానా, ఇసుక రంగు రాయి అంటిస్తే అరబ్ బస్తీ.

అసలు మాట ఇక్కడే ఉంది. 1999లో డేవ్ జాన్‌స్టన్ అనే బ్రిటన్ కుర్రాడు కౌంటర్ స్ట్రైక్ కోసం 'డస్ట్' కట్టాడు. అతడికి నమూనా ఏ అరబ్ బస్తీయో కాదు, అప్పటికింకా విడుదల కాని టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఇంకో ఆట తస్వీరులు. గోడల టెక్స్చర్లు గీసింది క్రిస్ ఆష్టన్. ఆ కుర్రాడి నీయత్‌లో ఖరాబీ ఉందని నేననను. కానీ ఆ ఆటలో ఒక పక్షం పేరే 'టెర్రరిస్టులు'. తస్వీర్ చూసి కట్టిన ఆ ఇసుక గోడలు ఒక కౌమ్ ఇళ్లుగా లోకం కళ్లకు అలవాటైపోయాయి. మన ఇంటర్నెట్ కేఫుల్లో మన పిల్లలూ వాటి మధ్యే తుపాకులు పేల్చారు.

2009లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2లో బ్రెజిల్ బస్తీని చూపే 'ఫవేలా' అనే మ్యాప్ ఉంది. అందులో ఒక గుసల్‌ఖానా గోడకు తస్వీర్ వేలాడుతుంది. దాని ఫ్రేమ్ మీద అరబీ హర్ఫులు. చదివితే, సౌందర్యం గురించిన హదీసు! 2012లో ముస్లిం ఆటగాళ్లు షికాయత్ చేశాక కంపెనీ ఆ మ్యాప్‌ను తీసేసి, మార్చి మళ్లీ పెట్టింది. అయినా 2021లో అదే కంపెనీ వాన్‌గార్డ్ ఆటలో ఖుర్ఆన్ పేజీలు నేల మీద కనిపించాయి. మాఫీ అడిగి తొలగించారు.

బేఅదబీ చేయాలని చేశారని నేను అనుకోవడం లేదు. చదవలేని కంటికి అరబీ హర్ఫు ఒట్టి బేల్‌బూటా. కట్టే చోట చదవగలిగినవాడు ఒక్కడుంటే ఆ ఫ్రేమ్ గుసల్‌ఖానా దాకా వెళ్లేది కాదు. 2001లో డమాస్కస్‌లోని దారుల్ ఫిక్ర్ అనే ప్రచురణ సంస్థ 'అండర్ యాష్' అనే ఆట తెచ్చింది. అందులో కథ ఫలస్తీనా యువకుడిది. కట్టే చేయి మారితే కథ చెప్పే నోరూ మారుతుంది.

అందుకే పిల్లల్ని "ఆట చాలించు" అని కోప్పడే ముందు ఒక పని చెప్పండి. క్వేక్ కమ్రాలు కట్టే ట్రెంచ్‌బ్రూమ్ ఎడిటర్ ముఫ్త్‌గా దొరుకుతుంది. దాంట్లో దాదీ ఇంటి దాలాన్ కట్టమనండి. గోడకు సున్నం రంగు, గోడలో తాఖ్, తాఖ్‌లో చిరాగ్. తాఖ్ ఎంత ఎత్తులో ఉండేదో వాడు దాదీనే అడగాల్సి వస్తుంది.