కాప్రిస్ ఎక్కడ పుట్టింది? ఆస్ట్రేలియాలో అమెరికా కార్ల కథ

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ల కోసం, డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్ల కోసం అదే కథని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా గల్ఫ్‌లో ఉన్న మన అన్నదమ్ములకి ఒక ప్రశ్న. రియాద్‌లోనో, కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఇరవై ఏళ్ల కిందట డ్రైవర్‌గా చేసినవాళ్లకి షెవ్రొలే కాప్రిస్ గుర్తుండే ఉంటుంది. పొడుగాటి బండి, వెనక సీట్లో కాళ్లు చాపుకునేంత జాగా, బానెట్ కింద పెద్ద ఇంజిన్. దాని తమ్ముడు లూమినా. ముందు షెవ్రొలే గుర్తు ఉంది కాబట్టి అమెరికా బండే అనుకుంటాం. కానీ 1990ల చివరి నుంచి గల్ఫ్‌కి వచ్చిన ఆ బండ్లు తయారైంది అమెరికాలో కాదు. ఆస్ట్రేలియాలో, అడిలైడ్ నగరానికి ఉత్తరాన ఉన్న ఎలిజబెత్‌లో. అక్కడ వాటి పేరు హోల్డెన్. గల్ఫ్ కోసం స్టీరింగ్ ఎడమవైపు పెట్టి, షెవ్రొలే గుర్తు తగిలించి ఓడ ఎక్కించేవాళ్లు.

ఇప్పుడు అక్కడ కార్లు తయారవడం లేదు. కొత్త బండి మీద హోల్డెన్ అన్న పేరు కూడా లేదు.

అమెరికా కార్ల కంపెనీలు కష్టాల్లో పడ్డాయని వార్త వచ్చినప్పుడల్లా అందరూ అడిగే మాట ఒకటే. కొనేవాళ్ల మనసుని అవి మళ్లీ గెలుచుకోగలవా? ఆస్ట్రేలియా చరిత్రలో దీనికి ఒక జవాబు కాదు, రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి ఫోర్డ్‌ది, ఇంకొకటి జనరల్ మోటార్స్‌ది. రెండూ చూశాక నాకు మూడో ప్రశ్న ఒకటి మిగిలింది. అది చివర్లో చెప్తాను.

ఆదివారం చర్చి, సోమవారం సంత

ఫోర్డ్ 1925లో మెల్‌బోర్న్ దగ్గరి జీలాంగ్‌లో మోడల్ టి కార్లు బిగించడం మొదలుపెట్టింది. భాగాలు బయటి నుంచి వచ్చేవి, ఇక్కడ జోడించేవాళ్లు. 1930ల మొదట్లో విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌ల్యాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్‌కి ఉత్తరం రాసిందని చెప్తారు. ఆదివారం వానకి తడవకుండా చర్చికి వెళ్లాలి, సోమవారం అదే బండిలో పందుల్ని సంతకి తీసుకెళ్లాలి, అలాంటిది మీ దగ్గర ఉందా అని ఆమె అడిగిందట. లూ బ్యాండ్ట్ అనే కుర్ర ఇంజినీరు ముందు కారు, వెనక ట్రాలీ ఒకే ఒళ్లుగా ఉండే బండి గీశాడు. 1934లో అది మార్కెట్లోకి వచ్చింది. అదే 'యూట్'. ఈ రోజు ఆస్ట్రేలియాలో ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి ఎవరి ఇంటి ముందు చూసినా కనబడే బండి దాని మనవడే.

ఈ చిన్న కథని గుర్తుపెట్టుకోండి. తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది.

'మన సొంత కారు'

హోల్డెన్ కథ ఇంకా పాతది. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు, కళ్లేలు చేసి అమ్మే దుకాణంగా మొదలైంది. కార్లొచ్చాక కార్లకి బాడీలు కట్టడం నేర్చుకుంది. 1931లో జనరల్ మోటార్స్ దాన్ని తనలో కలిపేసుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, బాడీలు కట్టడం కాదు, మొత్తం కారునే ఇక్కడ తయారు చేయాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం పట్టుబట్టింది. 1948 నవంబర్ 29న మెల్‌బోర్న్‌లోని ఫిషర్‌మన్స్ బెండ్‌లో ప్రధాని బెన్ చిఫ్లీ మొదటి హోల్డెన్‌ని జనం ముందుకి తెచ్చాడు. పన్నుతో కలిపి ధర 733 పౌండ్లు. జనం దాన్ని 'ఆస్ట్రేలియా సొంత కారు' అన్నారు. నిజానికి డిజైన్ డెట్రాయిట్‌లో పక్కన పెట్టేసిన ఒక షెవ్రొలే నమూనా నుంచి వచ్చింది. డబ్బులో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా బ్యాంకులు ఇచ్చిన అప్పు. అంటే ఆలోచన అమెరికాది, అప్పు ఆస్ట్రేలియాది, లాభం మళ్లీ అమెరికాది. అయినా జనానికి అది తమ కారే అనిపించింది. 1950ల చివరికి అమ్ముడయ్యే ప్రతి పది కార్లలో నాలుగు హోల్డెన్‌లే. 1962లో పది లక్షలో కారు బయటికి వచ్చింది.

పరువు పోయాక తిరిగి తెచ్చుకోవడం

హోల్డెన్‌కి పోటీగా ఫోర్డ్ 1960లో ఫాల్కన్‌ని తెచ్చింది. మెల్‌బోర్న్ ఉత్తరాన బ్రాడ్‌మెడోస్‌లో కొత్త ఫ్యాక్టరీ పెట్టింది. కానీ అమెరికాలోని నున్నటి రోడ్ల కోసం గీసిన బండిని పెద్దగా మార్చకుండా దించింది. ఊళ్లలోని కంకర రోడ్ల మీద ముందు చక్రాల సస్పెన్షన్ నిలవలేదు. చెడ్డపేరు ఒకసారి వస్తే ఎంత గట్టిగా అంటుకుంటుందో మనకి తెలుసు కదా. తర్వాత బండిని బాగు చేసినా జనం నమ్మలేదు.

1965లో ఫోర్డ్‌లో బిల్ బర్క్ అనే అధికారి ఒక పందెం కాశాడు. జీలాంగ్ దగ్గర యూ యాంగ్స్ కొండల పక్కన కంపెనీకి కొత్త టెస్ట్ ట్రాక్ ఉంది. ఐదు ఫాల్కన్‌లు తీసుకుని, రాత్రీ పగలూ ఆపకుండా 70,000 మైళ్లు, అంటే లక్షా పన్నెండు వేల కిలోమీటర్ల పైన, అందరూ చూస్తుండగా తోలాలి. సగటు వేగం గంటకి 70 మైళ్లకి తగ్గకూడదు. కొన్ని బండ్లు పల్టీ కొట్టాయి. వాటిని సరిచేసి మళ్లీ ట్రాక్ మీదికి వదిలారు. తొమ్మిది రోజుల్లో లెక్క పూర్తయింది. పత్రికలు రోజూ రాశాయి. అదే ఏడాది 'వీల్స్' పత్రిక ఆ ఫాల్కన్‌కి ఉత్తమ కారు బహుమతి ఇచ్చింది. ఫాల్కన్ తర్వాత యాభై ఏళ్లు బతికింది.

కాబట్టి మొదటి జవాబు: గెలవొచ్చు. కానీ ప్రకటనలతో కాదు. ఎక్కడ పరువు పోయిందో అక్కడే, ఆ రోడ్డు మీదే నిరూపించుకోవాలి.

లైన్ మీద నిలబడ్డవాళ్లు

ఇప్పటిదాకా కంపెనీల మాటే చెప్పాను. కార్లు బిగించింది ఎవరు? ఎక్కువగా వలస వచ్చినవాళ్లు. ఎలిజబెత్‌లో బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు. బ్రాడ్‌మెడోస్‌లో ఇటలీ, గ్రీసు, యుగోస్లావియా, టర్కీ నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. పని మాత్రం గడియారం ముల్లు కంటే వేగంగా నడిచే లైన్ మీద.

1973లో బ్రాడ్‌మెడోస్‌లో సమ్మె జరిగింది. జీతం ఒక్కటే కాదు గొడవ. లైన్ వేగం తగ్గించమన్నారు. మూత్రానికి వెళ్లాలన్నా సూపర్‌వైజర్‌ని అడుక్కోవాల్సి రావడం మాన్పించమన్నారు. జూన్‌లో యూనియన్ నాయకులు ఇక పనిలోకి వెళ్దామన్నా కార్మికులు ఒప్పుకోలేదు. గేటు ముందు రాళ్లు పడ్డాయి, ఆఫీసు అద్దాలు పగిలాయి, గోడ కూలింది. సమ్మె తొమ్మిది పది వారాలు సాగింది. ఆస్ట్రేలియాలో వలస కార్మికులు తమ గొంతు ఇంత గట్టిగా వినిపించిన సందర్భాలు తక్కువ.

అప్పుడు మనవాళ్లు అక్కడ ఎందుకు లేరు? తెల్లవాళ్లకే తలుపు తీసే పాత వలస విధానాన్ని విట్లమ్ ప్రభుత్వం పూర్తిగా తీసేసింది కూడా ఆ 1973లోనే. ఇప్పుడు క్రేగీబర్న్‌లో ఉండి రైల్లో సిటీకి వెళ్లే తెలుగువాళ్లు రోజూ బ్రాడ్‌మెడోస్ స్టేషన్ దాటుతారు. ఆ స్టేషన్‌కి తూర్పున, హ్యూమ్ హైవే పక్కనే జరిగింది ఈ కథంతా.

గోడలు దిగిపోయాక

1980ల దాకా బయటి కార్ల మీద సుంకం 57.5 శాతం ఉండేది. లెక్క పెట్టి తెచ్చే కోటాలు వేరే. 1980ల మధ్యలో పరిశ్రమల మంత్రి జాన్ బటన్ ఒక పథకం తెచ్చాడు. గోడ కొంచెం కొంచెం దించుదాం, గట్టివాళ్లే మిగులుతారు అన్నాడు. సుంకం 2000 నాటికి 15 శాతం, 2005కి 10, 2010కి 5. అప్పటికే క్రైస్లర్ తన అడిలైడ్ ఫ్యాక్టరీని మిత్సుబిషికి అమ్మి వెళ్లిపోయింది. 1992లో నిస్సాన్ మూసేసింది. 2008లో మిత్సుబిషి మూసేసింది.

2005లో థాయిలాండ్‌తో ఒప్పందం వచ్చింది. థాయ్ యూట్‌లు సుంకం లేకుండా దిగాయి. ఇక్కడి పెద్ద ఇంజిన్ కార్లు అటు పోవాలంటే మాత్రం అక్కడి పన్నులు అడ్డం. దాని మీద గనుల డబ్బు పొంగి, 2010 చివర్లో ఆస్ట్రేలియా డాలర్ అమెరికా డాలర్‌ని దాటింది. మనలాంటి డబ్బు పంపేవాళ్లకి అది పండగే. కారు ఎగుమతి చేసేవాడికి మాత్రం దెబ్బ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జనరల్ మోటార్స్ ఇంట్లోనే ఓడింది. 2009 జూన్ 1న అమెరికాలో దివాలా దాఖలు చేసింది. ఎలిజబెత్‌లో చేసి అమెరికాకి పంపుతున్న పాంటియాక్ జి8 అనే కారు, పాంటియాక్ పేరుతో పాటే ఆగిపోయింది. ఎలిజబెత్ ఒక్క షిఫ్ట్‌కి పడిపోయింది. అప్పు చేసింది డెట్రాయిట్, కత్తి పడింది అడిలైడ్‌లో.

కొనేవాళ్లూ మారారు. హోల్డెన్ కమడోర్ 1996 నుంచి 2010 దాకా వరసగా పదిహేనేళ్లు దేశంలో నంబర్ వన్. 1998లో ఒక్క ఏడాదే 94 వేలకు పైగా అమ్ముడైంది. 2011లో ఆ స్థానం చిన్న కారు మాజ్డా 3కి పోయింది. ఫాల్కన్ 2012లో 14 వేలే. ఏడాదికి పదకొండు లక్షల బండ్లు కొనే దేశంలో అరవైకి పైగా కంపెనీలు పోటీ పడుతుంటే, ఒక్క ఫ్యాక్టరీకి సరిపడా సంఖ్య ఎవరికీ రాదు.

2013 మేలో ఫోర్డ్ చెప్పేసింది. డిసెంబర్‌లో, పార్లమెంటులో ఆర్థిక మంత్రి జో హాకీ ఉంటారో పోతారో తేల్చుకోండి అన్నట్టు నిలదీసిన మర్నాడే హోల్డెన్ చెప్పేసింది. 2016 అక్టోబర్ 7న చివరి ఫాల్కన్. 2017 అక్టోబర్ 3న ఆల్టోనాలో టొయోటా. అక్టోబర్ 20న ఎలిజబెత్‌లో చివరి కమడోర్. ఆ రోజు అక్కడ మిగిలినవాళ్లు సుమారు 950 మంది. వాళ్లకి విడిభాగాలు చేసిచ్చే చిన్న వర్క్‌షాపులవాళ్లు ఇంకెందరో.

ఒకటి గెలిచింది, ఒకటి పోయింది

మూసేశాక రెండు కంపెనీలూ బయట చేసిన బండ్లే అమ్మాయి. జనరల్ మోటార్స్ జర్మనీలో చేసిన ఒపెల్ కారుకి కమడోర్ అని పేరు పెట్టింది. జనం దాన్ని తమదనుకోలేదు. 2002లో లక్షా 78 వేల బండ్లు అమ్మిన హోల్డెన్, 2019లో 43 వేలకి దిగింది. 2020 ఫిబ్రవరి 17న ఆ పేరునే తీసేస్తున్నామని ప్రకటించారు.

ఫోర్డ్ ఫ్యాక్టరీలు మూసింది కానీ డిజైనర్లని, ఇంజినీర్లని, యూ యాంగ్స్ ట్రాక్‌ని ఉంచుకుంది. వాళ్లు గీసిన బండే రేంజర్ యూట్. ఆదివారం కుటుంబం, సోమవారం పనిముట్లు. ఆ రైతు భార్య అడిగిందే! 2023లో 63 వేలకు పైగా అమ్ముడై, ఏడేళ్లుగా మొదటి స్థానంలో ఉన్న టొయోటా హైలక్స్‌ని దించేసింది. 2024లోనూ అదే ముందు. దాని అన్నలాంటి ఎవరెస్ట్ మీకు తెలిసిందే, మన ఊళ్లలో ఎండీవర్ అని తిరిగింది.

మన దగ్గర కథ ఎటు పోయిందో చూడండి. ఊళ్లలో పెళ్లిళ్లకి, తిరుపతి యాత్రలకి కట్టుకెళ్లిన టవేరాలు చేసిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇండియాలో అమ్మకాలు ఆపేసింది. చెన్నైలో ఫ్యాక్టరీ ఉన్న ఫోర్డ్ 2021లో ఇండియాలో కార్లు చేయడం ఆపుతున్నామంది. అదే కాలంలో అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కొరియా వాళ్ల కియా ఫ్యాక్టరీ లేచింది.

జనరల్ మోటార్స్ ఇప్పుడు ఆస్ట్రేలియాకి షెవ్రొలే సిల్వరాడో పికప్‌లు తెచ్చి, మెల్‌బోర్న్‌లో స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చి అమ్ముతోంది. ఒకప్పుడు గల్ఫ్‌కి స్టీరింగ్ ఎడమన పెట్టి పంపిన దేశం ఇది! అటు ఫోర్డ్‌కీ నిశ్చింత లేదు. అమ్మకాల్లో అత్యధిక భాగం రేంజర్, ఎవరెస్ట్ మీదే. చైనా నుంచి బీవైడీ యూట్ కూడా వచ్చేసింది.

మూడో ప్రశ్న

కాబట్టి అమెరికా కంపెనీ కొనేవాళ్లని మళ్లీ గెలవగలదా అంటే, గెలవగలదు. ఈ నేల ఏం అడుగుతోందో విన్నప్పుడు ఫోర్డ్ మూడు సార్లు గెలిచింది. వినకుండా పేరు అతికించినప్పుడు హోల్డెన్ పోయింది.

కానీ రేంజర్ నంబర్ వన్ అయిన రోజు బ్రాడ్‌మెడోస్‌లో ఒక్క బండీ తయారు కాలేదు. అది థాయిలాండ్‌లో తయారై ఓడలో వస్తుంది. 1973లో గేటు ముందు నిలబడ్డ ఇటలీ ఆయన, టర్కీ ఆయన ఆ గెలుపులో లేరు. కంపెనీ గెలిస్తే మనమూ గెలిచినట్టేనా? నన్ను వదలని ప్రశ్న ఇదే. కంపెనీ బాగున్నా సైట్ మూసేయొచ్చని పరాయి దేశంలో పని చేసే మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

పోతే ఒక చిన్న పని. గల్ఫ్‌లో మీ కంట పాత కాప్రిస్ గానీ లూమినా గానీ పడితే, అద్దం కింద డ్యాష్‌బోర్డు మూల మీద ఉండే చాసిస్ నంబర్ చూడండి. మొదటి అంకె 6 ఉంటే అది ఆస్ట్రేలియాలో పుట్టిన బండి. ఫోటో తీసి మాకు పంపండి, మీరు ఏ ఊరివాళ్లో, ఆ బండి ఎన్నేళ్లు తోలారో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటానండి.