వీసా వేరు, ముద్ర వేరు, తిరిగొచ్చే కాగితం వేరు

ఈ ఎపిసోడ్ మా ఇంటి విషయంతోనే మొదలుపెడతా.

మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర. మా పెదనాన్న పోయినప్పుడు అమెరికాలో ఉన్న మా అన్న రాలేదు. తలకొరివి నేను పెట్టా. "డాలర్లు మరిగినోడికి నాయన గుర్తుంటాడా" అన్నారు ఊళ్ళో. నిజం చెప్పాలంటే, నేనూ అలాగే అనుకున్నా. తర్వాత అన్న కాగితాలు చూశాక సంగతి అర్థమైంది.

ముందు మూడు విషయాలు విడదీద్దాం. వీసా అంటే గుమ్మం దాకా వెళ్ళడానికి అనుమతి. మా నెల్లూరోళ్ళు దీనికోసం ఏళ్ళ తరబడి రైలెక్కి చెన్నై జెమినీ ఫ్లైఓవర్ దగ్గరున్న కాన్సులేట్‌కి పోయేవాళ్ళు. హైదరాబాద్‌లో వీసాలు ఇవ్వడం మొదలైంది 2009లోనే.

రెండోది ఎంట్రీ. విమానం దిగాక ఆఫీసరు లోపలికి రానిస్తాడు. ఎన్నాళ్ళు ఉండొచ్చో ఐ-94 అనే రికార్డు చెబుతుంది. విమానంలో వచ్చేవాళ్ళకి 2013 నుంచి అది ఆన్‌లైన్‌లోనే. వీసా గడువు తీరినా ఐ-94 బతికుంటే లోపల ఉండొచ్చు. బయటికొస్తే మాత్రం మళ్ళీ కాన్సులేట్‌లో స్టాంపింగ్. 2004 జూలై దాకా హెచ్-1బి వాళ్ళు అమెరికాలోనే ఉండి పోస్టులో పాస్‌పోర్టు పంపి వీసా రెన్యూ చేయించుకునేవాళ్ళు. వేలిముద్రలు తప్పనిసరి కావడంతో ఆ దారి మూసేశారు.

మూడోది అడ్వాన్స్ పెరోల్. గ్రీన్‌కార్డు చివరి దరఖాస్తు ఐ-485 వేశాక, ఈ కాగితం లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క. 1999లో హెచ్-1బి, ఎల్-1 వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. కానీ అన్నకి అప్పటికి హెచ్-1బి అయిపోయింది. ఐ-485 మీద వచ్చిన వర్క్ పర్మిట్‌తో పని చేస్తున్నాడు. పెరోల్ ఇంకా చేతికి రాలేదు. ప్రాణాల మీదికొస్తే అత్యవసరంగా అడిగే దారి ఉంది. అన్న అడిగాడు కూడా. అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఇక్కడ పదో రోజు అయిపోయింది.

అసలు ఈ నిరీక్షణ ఎందుకింత పొడవు? 1917 చట్టం మనవాళ్ళని దాదాపు గుమ్మంలోనే ఆపేసింది. 1946లో తలుపు కాస్త తీసి, ఏడాదికి 100 మంది భారతీయులు అన్నారు. 1965లో దేశాల వారీ పాత కోటాలు పోయాయి. 1990 చట్టం ఉద్యోగాల మీద ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు పెట్టింది. ఏ దేశానికైనా మామూలుగా 7 శాతమే. చిన్న దేశానికీ అంతే, మనకీ అంతే. క్యూ పెరిగింది అక్కడే.

మరి "పెరోల్" అనే మాటేంటి? మన సినిమాల్లో అయితే అది ఖైదీకి ఇచ్చేది. ఇమిగ్రేషన్ చట్టంలో అర్థం ఇంకా విచిత్రం: మనిషి లోపల ఉంటాడు, చట్టం లెక్కలో ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు. 1958లో అమెరికా సుప్రీంకోర్టు ఒక చైనా మహిళ కేసులో ఇదే తేల్చింది.

1996 చట్టంతో ఇంకో భయం వచ్చింది. అనుమతి లేకుండా ఏడాది, అంతకుమించి ఉండి, తర్వాత దేశం విడిచి వెళితే పదేళ్ళు రానివ్వరు. ఇక్కడే మనవాళ్ళ ఇంటిపేర్లు చరిత్రకెక్కాయి. అర్రబల్లి, యెర్రబెల్లి కేసు. భారతీయ దంపతులు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉండగా, అడ్వాన్స్ పెరోల్ తీసుకునే ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళని చూసి వెళ్ళారు. ఆ ప్రయాణాల వల్లే పదేళ్ళ నిషేధం పడిందన్నారు. 2012 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు కాదంది: ప్రభుత్వమే వెళ్ళి రమ్మని కాగితమిచ్చాక, ఆ వెళ్ళడాన్ని నిషేధం తెచ్చే "విడిచి వెళ్ళడం"గా లెక్కించకూడదు. అమ్మానాన్నల్ని చూడ్డానికి పోయిన ఇద్దరి కేసు ఆ తర్వాత ఎన్నో దేశాల వాళ్ళకి అండ అయింది.

ఒక్క జాగ్రత్త. పెరోల్ చేతిలో ఉన్నా లోపలికి రానిచ్చే తుది మాట ఆఫీసరుదే. రూల్స్ కూడా మారుతుంటాయి. టికెట్ కొనేముందు లాయర్‌ని అడగండి, నా వీడియో చూసి బయల్దేరొద్దు.

అన్న సంవత్సరీకానికి వచ్చాడు. తిరిగి వెళ్ళాక పాస్‌పోర్టులో కొట్టిన ముద్ర ఫోటో పంపాడు. పెరోల్ అని ఉంది. దాన్ని పెద్దమ్మకి చూపించి అర్థం చెప్పా. చాలాసేపు చూసి, "అయితే వాడు రాకపోవడం కాదు, రానీలేదన్నమాట" అంది.

ఊళ్ళో ఎవరి కొడుకైనా రాలేదని మాట అనబోయే ముందు ఈ ముద్ర గుర్తు చేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.