రెండు దీవులు, రెండు నిమిషాలు

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే పక్కపక్కనే ఉంటాయి. వాటి విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. మహానగరాల్లో ఒక్క రన్‌వేనే అంత పొడవుంటుంది. టైమ్‌టేబుల్‌లో ఈ విమాన ప్రయాణానికి రెండు నిమిషాలు కేటాయిస్తారు. గాలి కలిసొస్తే అంత కూడా పట్టదు. రికార్డు 53 సెకన్లు.

ఆర్క్నీకి విమానాల బాట వేసినవాడు కెప్టెన్ టెడ్ ఫ్రెసన్. ఆయన 1933లో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ నుంచి ఆర్క్నీలోని కిర్క్‌వాల్‌కు సర్వీసు మొదలుపెట్టి, మరుసటి ఏడాది టపా కూడా చేరవేశాడు. చిన్న దీవులను కలిపే పని 1967లో లోగనేర్ సంస్థ చేపట్టింది. ఇంత దగ్గరి దీవుల మధ్య విమానమెందుకన్న ప్రశ్నకు జవాబు దారిలోనే ఉంది: కిర్క్‌వాల్‌లో బయలుదేరిన విమానం రెండు దీవుల్లోనూ దిగి వెనక్కి వెళ్తుంది. ఈ రెండు నిమిషాలు ఆ చుట్టులో ఒక ముక్క.

నడిచేది ఐలాండర్ విమానం. రెండు ప్రొపెల్లర్లు, పొట్టి రన్‌వే చాలు. సీట్లు తక్కువ కాబట్టి ఒక ప్రయాణికుడు పైలట్ పక్కనే కూర్చుంటాడు. నేల విడిచీ విడవగానే, కింద జలసంధి దాటకముందే, అవతలి రన్‌వే ఎదురుగా కనిపిస్తుంది.

టీచర్లు, డాక్టర్లు, రోగులు దీన్ని మన పల్లెవెలుగు బస్సులాగే వాడుకుంటారు. పాపా వెస్ట్రేలో వందమంది కూడా ఉండరు. అయినా వాళ్లకు ఈ విమానం విలాసం కాదు, అవసరం.